జ్యేష్ఠ నక్షత్రం, బావగారి గండం

మేడమీది కళ్లజోళ్ల షాపులో ఆమె అద్దాలు తుడుస్తుంటే, తను చేసుకోబోయేవాడి అన్న వచ్చి ఎదుటి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఈ పెళ్లి వద్దమ్మా. నీది జ్యేష్ఠా నక్షత్రమట. జ్యేష్ఠలో పుట్టిన పిల్ల ఇంట్లో అడుగు పెడితే మొగుడి అన్నకు గండం."

"అంటే మీకు."

"నాకే."

"ఆ నక్షత్రాన్ని ఎప్పుడైనా చూశారా బావగారూ? వృశ్చికం నడుమ ఎర్రగా ఉంటుంది."

"చూడాల్సిన పనేముంది? శాస్త్రం చెప్పింది."

"ఆకాశంలో దానికి వేరే పని లేదు మరి. అంత దూరం నుంచి మిమ్మల్నే ఏరుకుంది."

"వెటకారం వద్దు. నాకు ఇద్దరు పిల్లలున్నారు."

"సిగరెట్టు ముట్టించేటప్పుడు గుర్తురారా వాళ్లు?"

అతను జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"మీ తమ్ముడేమన్నాడు?"

"వాడు నా మాట జవదాటడు. కింద కారులో ఉన్నాడు."

"పైకి రాలేదేం?"

"నీ మొహం చూడలేనన్నాడు."

ఆమె తుడిచిన అద్దాన్ని ఫ్రేములో బిగించింది.

"అయితే మీరు నిశ్చింతగా నూరేళ్లు బతకండి. అన్న చాటున దాక్కునేవాణ్ణి నేనే వద్దంటున్నాను. మెట్లు మాత్రం చూసుకుని దిగండి. జారిపడితే అదీ నా నక్షత్రం నెత్తినే రుద్దుతారు."