ఉప్పు వేసిన ఐసు

ఆ ఫోను జేబులో పెట్టండి, ఎన్నిసార్లు చూస్తారు? ఎవరూ చేయడం లేదు, నాకూ తెలుసు. ఇటు తిరగండి. మనల్ని లోపలికి పిలిచేలోపు నేను చెప్పాల్సింది చెప్పేస్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

ఇందాక లోపలికి వెళ్తూ ఆ ఫిజియో అమ్మాయి నా దగ్గర ఆగింది, చూశారుగా. "ఆంటీ, పాదం కాస్తయినా పైకి లేస్తోందా?" అని అడిగింది. తిట్టినా బాగుండేది. నా కాలు ఇలా అయినప్పటి నుంచి తనని రోగుల దగ్గరికే పోనివ్వడం లేదట. ఉద్యోగంలో ఉంచాలో పంపించేయాలో ఇవాళ పెద్ద డాక్టరు మనల్ని కూడా అడిగి తేల్చేస్తాడట. అలాంటి పిల్ల ఆగి నా పాదం గురించి అడుగుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మీరేమో అప్పుడూ ఫోనే చూసుకున్నారు.

మెల్లగా అంటారా? నర్సు వింటే విననివ్వండి. కిక్కిరిసిన బస్సులో టికెట్టు టికెట్టు అని అరిచిన గొంతు నాది, ఇంతకంటే తగ్గదు.

అసలు ఆ పిల్ల ఏం తక్కువ చేసింది, చెప్పండి? నేను బస్సు మెట్టు మీంచి జారి మోకాలు తిరిగిపోయి, ఆపరేషనై ఇంటికెళ్లే రోజు మనిద్దర్నీ కూర్చోబెట్టి చంటిపిల్లలకు చెప్పినట్టు చెప్పిందా లేదా? ఐసు ఒంటికి నేరుగా తగలకూడదు, తడి తువ్వాలు చుట్టాలంది. పావుగంటకు మించొద్దంది. మధ్యలో తీసి చర్మం చూడండి, తెల్లబడితే అక్కడితో ఆపేయండి అంది. కోత పడ్డ చోట స్పర్శ సరిగా ఉండదు, అందుకని మంట తెలియకపోతే అంతా బాగున్నట్టు కాదంది. మోకాలి బయటి పక్క, ఇదిగో ఈ ఎముక దగ్గర, నరం చర్మం కిందే ఉంటుంది, అక్కడ బిగించొద్దని వేలు పెట్టి మరీ చూపించింది. పెట్టుకుని నిద్రపోవద్దని కూడా చెప్పింది.

మీరేమో నవ్వారు. "నేను ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రినమ్మా, నాకు చెప్తావా ఐసు గురించి?" అన్నారు. పాపం, అదీ నవ్వి ఊరుకుంది. నేనూ నవ్వాను లెండి. మా ఆయనకు తెలియని ఐసా అని ఆ పూట నాకు గొప్పగానే అనిపించింది.

ఇంటికి రాగానే తువ్వాలు తీసి అవతల పారేశారు. చలి లోపలికి దిగాలంటే మధ్యలో గుడ్డెందుకన్నారు. పోనీ అంతటితో ఆగారా? దోసెడు రాళ్ల ఉప్పు తెచ్చి ఐసు సంచిలో పోశారు. చేపల పెట్టెల్లో వేసినట్టు. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడుతుంది, చేప పాడవదు. నిజమే. కానీ చేపకు ప్రాణం ఉండదు కదండీ.

ఆ తర్వాత తాడు. పెట్టె కదలకుండా ఎలా కడతారో అలాగే, చుట్టు మీద చుట్టు తిప్పి, బలంగా లాగి ముడేశారు. సరిగ్గా ఆ అమ్మాయి వద్దన్న చోటే వేశారు ముడి. కాసేపటికి, "ఏమండీ, మండుతోంది" అన్నాను. "అంటే పని చేస్తోందన్నమాట, ఓర్చుకో" అన్నారు. ఓర్చుకున్నాను. తర్వాత మంట పోయింది. నొప్పి మాత్ర వేసుకున్నానేమో, కన్ను మూతపడింది. మీరు ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చిందని తలుపు దగ్గరికేసి వెళ్లిపోయారు. వచ్చేసరికి పొద్దువాలింది.

విప్పి చూస్తే చర్మం కొవ్వొత్తిలా ఉంది. అప్పుడు మీ మొహం చూశాను నేను. ఐసు గురించి మీకు అన్నీ తెలుసు, ఒంటి గురించే ఏమీ తెలియదని ఆ మొహం చూశాకే అర్థమైంది. లేచి నిలబడబోతే పాదం వేలాడింది. ఇప్పుడు అడుగేస్తే వేళ్లు ముందు నేలకు తగులుతున్నాయి, చెప్పు ఈడ్చుకుంటోంది. కదిలే బస్సులో నిలబడాల్సిన మనిషిని నేను. నరం కోలుకుంటే కోలుకుంటుంది, లేదంటే లేదన్నాడు డాక్టరు.

సరే, అదేదో జరిగిపోయింది. దానికి మిమ్మల్ని కొన్నాళ్లు తిడతాను, తిట్టీ తిట్టీ విసుగొచ్చి మానేస్తాను. మీరేం కావాలని చేయలేదు, తెలుసు నాకు. మరి డాక్టరు అడిగినప్పుడు నా భుజం మీద చెయ్యేసి నొక్కారే, అదో? అది కావాలనే చేశారు కదా. "ఐసు ఎలా పెట్టారమ్మా?" అని ఆయన అడిగాడు. నేను మీ వైపు చూసి, "ఆ అమ్మాయి ఎలా చెబితే అలాగే" అన్నాను. ఉప్పు మాట ఎత్తలేదు, తాడు మాట ఎత్తలేదు. అలా వదిలేసి వెళ్లారన్న మాటా ఎత్తలేదు. ఆ ఒక్క ముక్కతో ఆ పిల్ల నోట్లో మట్టి కొట్టాం ఇద్దరం కలిసి.

ఏంటీ, పరువా? ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేది మీరే, ఐసు మేస్త్రి పెళ్లాం కాలే ఐసుకు కాలిందంటే నవ్వుతారు, అంతేగా? నవ్వనివ్వండి. నాలుగు రోజులు నవ్వి ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. మరి ఈ పిల్లను ఇక్కడి నుంచి పంపించేస్తే? రోగి కాలు పాడుచేసిందని పేరు పడ్డాక ఇంకో ఆసుపత్రిలో ఎవరు తీసుకుంటారు?

అందుకే పొద్దున్నుంచి బతిమాలుతున్నాను. లోపలికి వెళ్లి మీరే చెప్పండి. పెద్ద పెద్ద మాటలేం వద్దు. ఉప్పు నేనే వేశాను, తాడు నేనే కట్టాను, ఆ అమ్మాయి వద్దనే చెప్పింది. అంతే. నేను చెప్పాననుకోండి, మొగుడి మీద కోపంతో మాట మారుస్తోందంటారు. మీరు చెబితే ఇంక ఎవరూ ఎదురు అడగరు.

తల ఊపితే సరిపోతుందా? అది అవునో కాదో కూడా తెలియడం లేదు.

అదిగో, పిలుస్తున్నారు. లేవండి.

లేవండీ.

సరే, కూర్చోండి. వద్దు, నన్ను పట్టుకోకండి, గోడ పట్టుకుని పోతాను. విచిత్రం ఏంటంటే, మీ మీద కోపం కూడా రావడం లేదు. వంట నాది, నీళ్లు పట్టడం నాది, పిల్లల బడి నాది, మీ అమ్మ మందులు నావి. అబద్ధం కూడా నేనే ఆడి పెట్టాను మీకు. ఇక నిజం మాత్రం మీరెందుకు చెబుతారు? అదీ నా పనే.