తువాలు పాప

“మళ్లీ చదువమ్మా. ఆ ఒళ్లో పడుకోబెట్టుకున్న దగ్గర్నుంచి.”

హాలు వెనక గదిలో ముగ్గురే ఉన్నారు. అద్దం ముందు అమ్మ, తలుపుకు ఆనుకుని పదహారేళ్ల కూతురు, ప్లాస్టిక్ కుర్చీలో నాయనమ్మ. తెర అవతల జనం కిటకిటలాడుతున్నారు. ఏటా చేసే విరాళాల సభ అది. అమ్మ చేతిలో ప్రసంగం కాగితం ఉంది.

“ఎన్నిసార్లు చదివిస్తావే? ‘నా చిట్టితల్లి చీలిన పెదవితో, చీలిన అంగిలితో పుట్టింది. అయినా ఒక్క పూట కూడా నేను దాన్ని వదల్లేదు. ఒళ్లో పడుకోబెట్టుకుని, గుండెలకు హత్తుకుని, కడుపునిండా పాలిచ్చాను.’ చాలా?”

“అక్కడే, అక్కడే! నా కోడలు అక్కడ కాస్త గొంతు వణికించిందంటే, ఎంత పిసినారి అయినా జేబులో చెయ్యి పెట్టాల్సిందే.”

“బాగానే వణికిస్తుంది నాయనమ్మా. కానీ అమ్మా, అంగిలి చీలిన పాప చప్పరించలేదు కదా?”

“అంటే?”

“అంటే నోట్లో గాలి నిలవదు, పాలు పీల్చలేదు. పడుకోబెట్టి పోస్తే ముక్కులోంచి వచ్చేస్తాయి.”

“ఆ... అదే. చెంచాతో పట్టాను. ఏదో ఒకటి. మీ నాన్న అందంగా ఉంటుందని అలా రాశారు.”

“చెంచాతోనా?”

“చెంచాతోనే. ఇప్పుడెందుకే ఈ ఆరాలు? ముందు నీ జడ చూసుకో, ఊడిపోతోంది.”

“ఇవాళ ఒకావిడ వచ్చింది, చంటిపిల్లని ఎత్తుకుని. ఆ పిల్లకీ నాలాగే పెదవి, అంగిలి. పాలు సరిగ్గా దిగక బరువు పెరగట్లేదట, పెరిగితే గానీ ఆపరేషన్ చెయ్యరట. నువ్వు స్టేజీ మీద ఆ పిల్లకి పాలు పట్టి చూపిస్తావని చెప్పాను.”

“నేనా! ఎవర్నడిగి చెప్పావ్?”

“నాన్ననడిగాను. ఎగిరి గంతేశారు. మైకులో చెప్పేశారు కూడా.”

“ఈయనకి బుద్ధుందా అసలు? వెళ్లి పిలుచుకురా. వెంటనే.”

“గేటు దగ్గర పెద్దమనుషులకి దండలేస్తున్నారు, ఇప్పుడు రారు. ఇదిగో, తువాలు చుట్టాను. ఇదే పాప అనుకో. గిన్నె ఇక్కడ, చెంచా ఇక్కడ. ఒక్కసారి చూపించు.”

“మర్చిపోయానే. ఎన్నేళ్ల కిందటి మాట!”

“అక్కకి మొదటి పన్ను ఏ వైపు వచ్చిందో ఇప్పటికీ చెప్తావ్.”

“దాని సంగతి వేరు.”

“ఎలా వేరు?”

“అబ్బ, నీ నస భరించలేకపోతున్నాను! ఇలా ఇవ్వు. ఇదిగో... ఇలా పడుకోబెట్టి... ఇలా నోట్లో పోశాను. సరేనా?”

“పాప చచ్చిపోయిందమ్మా.”

“ఛీ, అవేం మాటలే!”

“పొలమారింది. ఊపిరాడలేదు. ఫర్లేదు, ఇంకో పాప అనుకుని మళ్లీ పట్టు.”

“అత్తయ్యా, మీరైనా చెప్పండి దీనికి!”

“ఏం చెప్పమంటావ్ కోడలా? నువ్వు పట్టి ఉంటే కదా నీకు తెలియడానికి!”

“అత్తయ్యా!”

“అరవకు, బయటికి వినిపిస్తుంది. దాని మొహం చూసి నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావ్. చూడ్డానికొచ్చిన వాళ్లకి ఏం చెప్పాలో తోచక నేను తలుపులు బిడాయించుకుని కూర్చున్నాను. పిల్ల పెద్దదైంది, ఇంకా దాచేదేముంది?”

“తర్వాత ఏమైంది నాయనమ్మా?”

“తర్వాతేముంది—”

“ఏమీ లేదు! వినకే. మీ నాయనమ్మకి మతి తప్పింది.”

“నా మతి గుండ్రాయిలా ఉంది. పిల్లల ఆశ్రమంలో ఇచ్చేద్దామన్నది నేను. తీసుకెళ్లి ఇచ్చొచ్చింది నీ మొగుడు. బిడ్డ ఆస్పత్రిలో ఉందని అందరికీ చెప్పింది నువ్వు. అందరం కలిసే చేశాం, నన్నొక్కదాన్నే చెడ్డదాన్ని చెయ్యకు.”

“మరి ఎందుకు తెచ్చుకున్నారమ్మా?”

“... ఆపరేషనయ్యాక ఆశ్రమం వాళ్లు ఫోటో పంపారు. పెదవి చక్కగా కలిసింది. చూస్తే... పర్లేదనిపించింది.”

“పర్లేదనిపించకపోతే?”

“తెచ్చుకున్నామా లేదా? ఏం తక్కువ చేశాం నీకు? నీలాంటి పిల్లల కోసమేగా ఏటా ఇంటిల్లిపాదీ ఇంత చాకిరీ చేస్తున్నాం!”

“పర్లేదనిపించకపోతే, అమ్మా?”

“ఏమోనే, నాకేం తెలుసు! నువ్వేంటి, కంట్లో చుక్క నీరైనా లేదు? ఏడువు తల్లీ, ఏడిస్తే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.”

“ఏడిస్తే పెదవి ఉబ్బుతుంది. కుట్టు కనిపిస్తుందని ఫోటోలప్పుడు నువ్వేగా తిడతావ్.”

“నీ కాళ్లు పట్టుకుంటాను. ఆ తల్లికి ఏదో ఒకటి చెప్పి పంపించెయ్. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పు.”

“ఇన్నేళ్లూ ఒంట్లో బాగానే ఉందిగా.”

“నా చేతిలో ఆ పసిది నిజంగానే పొలమారితే?”

“ఆవిడ ఊరుకోదులే. కూర్చోబెట్టినట్టు ఎత్తి పట్టుకోవాలి, చెంచా బుగ్గవైపు నుంచి పెట్టాలి, మింగేదాకా ఆగాలి. అన్నీ ఆవిడకి తెలుసు.”

“తెలుసా? మరి నేనెందుకే చూపించడం? అన్నీ తెలిసిన తల్లికి—”

“తల్లి కాదమ్మా. ఆ పిల్లనీ ఎవరో వదిలేసి పోయారు. ఆవిడ ఆశ్రమంలో ఆయా, అప్పట్లో నాకు పాలు పట్టింది కూడా ఆవిడే. బీరువాలో ఆ ఫోటో, దాని వెనక ఆశ్రమం చిరునామా దొరికాయి. ట్యూషనని చెప్పి వెళ్లి, నేనే వెతికి తెచ్చుకున్నాను. ‘మీ అమ్మ నీకెలా పట్టిందో నేనూ చూస్తాను’ అని ముందు వరసలో కూర్చుంది. లే, నీ పేరు పిలుస్తున్నారు.”