ఎండల పెట్టని సీస

హెల్మెట్ ఎందుకు పెట్టుకోలే బావా? పొద్దుగాల ఆరింటికి, పక్కనున్న మనిషి కనవడని మంచుల, ఘాట్ రోడ్డు మీద నెత్తికి ఒక్క మఫ్లర్ సుట్టుకొని వస్తరా ఎవలన్న? బండరాయిని మఫ్లర్ ఆపుతదా? నీకు తెలివి ఉండెనా అసలు?

అవ్, రమ్మన్నది నేనే. తెల్లటి మంచులకెల్లి నువ్వు బండి మీద వస్తుంటే సూడాలె అని మెసేజ్ పెట్టింది నేనే. ఇంటర్ తప్పినా సిన్మలు సూసుడు తప్పలే నాకు. నేను వంద అంట. అన్నయన్ని ఇంటవా? మన వరపూజనాడు పచ్చ చీర కట్టుకొమ్మని నువ్వు అంటివి. నేను ఇన్ననా? గులాబీ రంగుదే కట్టిన. నువ్వు గూడ గట్లనే ఇనకుండ ఉండాల్సింది.

సూడు, పలుకవు. రెండు దినాలసంది నేనొక్కదాన్నే మాట్లాడుతున్న.

కరీంనగర్ల గింత పెద్ద దవాఖాన, గీ అద్దాల రూము, నీ నోట్ల పైపు. నీ ఛాతి లేస్తది, పడ్తది. సెయ్యి పట్టుకుంటె ఎచ్చగ ఉన్నది. గింత ఎచ్చటి మనిషిని సూసుకుంట ప్రజ్ఞ మేడం ఏమన్నదో ఎరుకేనా? గామెనే నిన్ను సూసే డాక్టరమ్మ. "మెదడు పూర్తిగ సచ్చిపోయిందమ్మా, ఊపిరి మిషన్ పోస్తున్నది గంతె" అన్నది. పొద్దుగాల ఒకపారి పరీక్ష చేసిన్రు, పగటీలి ఒకపారి. రెండుపార్లు గదే మాట. నాకైతె గామె మెడల ఉన్న గొట్టం గుంజి అవతల పారెయ్యాలనిపించింది.

నాలుగింటికి నిన్ను లోపటికి తీసుకపోతరు. గంతల్నే నీకొక మాట చెప్పాలె. చెప్త, ఆగు. నన్ను తొందరపెట్టకు.

నీ కిడ్నీలు ఇచ్చేస్తున్నరు బావా. మీ అవ్వనే ఒప్పుకున్నది. "నా కొడుకు సొమ్ము ఎవలి పానంలనన్న ఉంటదా?" అని అడిగింది. ఉంటది అన్నరు. ఏలుముద్ర ఏసింది. దుబాయ్‌ల మీ అన్న ఫోన్ల ఏడ్చుకుంట సరే అన్నడు. మరి నన్ను ఎవలన్న అడిగిన్రా? మాఘమాసం దాక ఆగితె పెండ్లాన్ని. ఇయ్యాలటికి నీ మేనమామ బిడ్డను, గంతె. మేనమామ బిడ్డను కాయితాల మీద ఎవలు అడుగుతరు?

అయినా ఊకోలే. "కిడ్నీలను హైదరాబాద్ దాక ఎట్ల తీసుకపోతరు మేడం? నడుమల ఖరాబ్ కావా?" అని నేనే అడిగిన. గామె మంచిగనే చెప్పింది. తీసిన యెంటనే సల్లటి మందునీళ్లు పట్టిస్తరట. గా నీళ్లల్ల చక్కెరకెల్లి తయారుచేసిన మందు కలుపుతరట. మానిటాల్ అంటరు. గది ఉంటె లోపట కండ నీళ్లు పట్టి ఉబ్బదట. ఐస్ డబ్బల పెట్టుకొని గంటలకు గంటలు పోయినా పాడుగాదట.

"మొన్న మెదడు వాపు దిగాలని మీ బావ కొండల్‌కు ఎక్కించింది గూడ గా మందే" అన్నది.

నాకు కడుపు మండిపోయింది. అయితె గిదేం మందు బావా? నీ నెత్తిల వాపు తియ్యరాలే గాని, ఇప్పుడు నీ కిడ్నీలకు కావలి ఉంటదట! ముక్కుమొఖం తెల్వనోళ్ల కోసమైతె గంత శ్రద్ధగ పనిచేస్తదట! సిగ్గు లేదా దానికి? మొఖం మీదనే అడిగిన మేడంను.

గామె కోపం చెయ్యలే. "మందు తప్పు కాదు ప్రవళికా. ఆలస్యమైంది. దెబ్బ తాకినంక మొదటి గంటల పడాల్సింది, ఐదు గంటలైనంక పడ్డది" అన్నది.

ఐదు గంటలు. గుట్టల మీదికెల్లి గిక్కడి దాక అంబులెన్స్ వచ్చే దూరం.

గిప్పుడు బయట ఏం నడుస్తున్నదో నీకేం ఎరుక! మనోళ్లందరు సక్కుబాయి సిస్టర్ మీద పడ్డరు. మనూరి దవాఖానల మందు లేకపాయె, గామె పట్టించుకోలే అని. "గుట్టల మీదోళ్లు మనుషులు కాదా? ఒక్క సీస ఉంచుకోరా?" అని మీ పెద్దనాయిన గేటు కాడ అరిసిండట. సక్కుబాయికి మెమో ఇచ్చిన్రట. ఇరువై ఏండ్లసంది గా దవాఖానల సూదులేసిన మనిషి. నువ్వు చిన్నగున్నప్పుడు నీకు పోలియో సుక్కలు ఏసింది గామెనే గద?

పొద్దుగాల నాకు ఫోన్ చేసింది. "అగ ప్రవళికా, మందుల రూము తాళం నీ తాననే ఉంటది గద బాయి. నువ్వు లెవ్వంటేనే గద నేను లెవ్వని రాసిన. పోయిన నెల మానిటాల్ పెట్టె నా సేతులతోని దింపించిన. గా పెట్టె ఏడ వాయె చెప్పు?"

నేనేం చెప్పాలె? ఫోన్ కట్ చేసిన. మల్ల చేసింది, మల్ల కట్ చేసిన. ఎంత కోపమొచ్చిందో! నువ్వు గిట్ల పండుకొని ఉంటె పెట్టె గురించి అడుగుతదా మనిషన్నది? నా మీదికి తోస్తదా?

తోసుడు కాదు బావా. అడిగింది, గంతె.

మొన్న నిన్ను గిక్కడికి తెచ్చినప్పుడు నేను గీ తలుపు కాడనే నిలవడ్డ. గీ రూముల ఏసీ చలి నీకు తెల్వదు. నర్సు అలమర తీసి మానిటాల్ సీస ఒకటి బయటికి తీసింది. అడుగున పటికబెల్లం పలుకులోలె, సూదులోలె మెరుస్తున్నయి. నేను ఒక్కటే ఒర్రుడు. "అక్కా, గది ఖరాబైంది, మా బావకు ఎక్కియ్యకు!"

గామె నవ్వింది. "ఖరాబ్ కాదు పిల్లా, చలికి పేరుకున్నది" అన్నది. గిన్నెల వేడినీళ్లు పోసి సీసను నిలబెట్టింది. జర సేపటికి తీసి ఊపింది. ఒక్క పలుకు లేదు. నీళ్లోలె తేటగ.

కొబ్బరినూనె కరిగినట్టు.

రోజు పొద్దుగాల నూనె సీసను గోడ మీద ఎండల పెట్టకుండ ఏనాడన్న దవాఖానల పనికి పోయిననా నేను? చలికాలమొస్తె మనూర్ల ఏ గోడ మీద సూసినా గదే సీస. నువ్వు బండి ఆపి ఎక్కిరిస్తుంటివి. "నీ నూనె ఎప్పుడు కరగాలె, నువ్వెప్పుడు జడ ఏసుకోవాలె! పెండ్లి ఎండకాలంల పెట్టుకుందామా?" అని. నేను రాయి తీసుకొని ఇసిరితె నవ్వుకుంట పోతుంటివి.

పది దినాల కిందట చలి ఎంత పడ్డదో యాదికున్నదా? నీ పత్తి ఏరనీకె కూలోళ్లు పొద్దెక్కెదాక రాలే అంటివి. గా పొద్దుగాలనే మందుల రూము తీసిన. మానిటాల్ సీసలన్నిట్ల పలుకులు. పాడైనయి అనుకున్న. సక్కుబాయిని అడుగుదామనుకున్న. "గింత గూడ తెల్వదా, గిందుకేనా నిన్ను పెట్టుకున్నది?" అంటదని అడగలే. ఇంటర్ తప్పినదాన్ని ఎవలేమన్నా సూదిలెక్క గుచ్చుకుంటది నాకు.

పెట్టెల సదిరిన. స్కెచ్ పెన్నుతోని 'ఖరాబ్' అని రాసిన. అందంగ రాసిన బావా. కింద చిన్న పువ్వు గూడ ఏసిన. మెట్ల కింద ఇరిగిన మంచాల ఎనుక పెట్టిన.

నిన్ను నెత్తురుతోని తెచ్చి టేబుల్ మీద పండవెట్టినప్పుడు సక్కుబాయి అరిసింది. "మానిటాల్ తే! ఉరుకు!" నేను నీ మొఖం సూసుకుంట "లెవ్వు" అన్న. ఖరాబైనయి అని గూడ అనలే. అంటె గామె సీసను సూస్తుండె. చలికి పేరుకున్నదని గామెకు ఎరుకనే ఉండె. మెట్ల కిందికి ఇరువై అడుగులు లేదు. పొయ్యి మీద సక్కుబాయి చాయ్ కోసం పెట్టిన నీళ్లు మసులుతున్నయి.

గదే నేను చెప్పాలనుకున్న మాట.

"గా మందు అప్పుడే పడితె బతుకుతుండెనా?" అని మీ అవ్వ అడిగింది మేడంను. "ఏమోనమ్మా. బతికేటోడేమో, చెప్పలేం" అన్నది. కాదు అంటె ఏమైతుండె గామెకు? ఒక్క అబద్ధం చెప్తె ఏమైతుండె? గా 'ఏమో'ను ఏడ పెట్టుకోవాలె నేను? ఏ ఎండల పెడితె కరుగుతది గది?

నీకు చెప్పుడు అల్కగనే అయింది. తిట్టవు, కొట్టవు, మొఖం తిప్పుకోవు. గిందుకే రెండు దినాలసంది నీ తాననే కూసున్న, పిరికిదాన్ని.

నీలం రంగు ఐస్ డబ్బ తెచ్చిన్రు బావా. తలుపు కాడ పెట్టిన్రు. బయట మీ అవ్వ సక్కుబాయికి శాపాలు పెట్టుకుంట కూసున్నది. నడుమ నడుమ నాకు నీళ్ల సీస పంపుతున్నది, "కోడలు రెండు గుక్కలన్న తాగిందా?" అని అడుగుతున్నది.

ఇంకోపారి అడగదు. అడగకపోతె పాయె.

నీ సెయ్యి ఇంక ఎచ్చగనే ఉన్నది. ఇడుస్తున్న.

అత్తా! ఓ లింగవ్వత్తా! జర లోపటికి రా. సక్కుబాయిని తిట్టకు. మందు ఉండె. లెవ్వన్నది నేను.