నేలనంటిన చక్రం

కథలు చదివి రికార్డు చేసే చిన్న గది. అద్దానికి అటు చదివే ఆవిడ, ఇటు రికార్డిస్టు. మధ్యాహ్నం, బయట వసారా ఖాళీగా ఉంది.

“అమ్మా, యుద్ధంలో రాజు చెప్పే మాట మళ్లీ చదవాలి. ‘చచ్చాడు’ అని గట్టిగా అన్నారు, బావుంది. ‘ఏనుగు’ అన్నది అసలు వినపడలేదు.”

“వినపడకూడదు బాబూ. తన కొడుకే పోయాడని గురువు నమ్మాలనేగా రాజు దాన్ని గొణిగింది.”

“గొణుగుడైనా ఉండాలిగా. అదుండబట్టే ఆయన అబద్ధమాడలేదంటారు.”

“అయినా రథం నేలకి దిగిపోయిందిగా. అంతవరకూ నేలనంటకుండా నడిచిన రథం.”

“ఆ చక్రాల చప్పుడు మాత్రం భలే చేశారమ్మా. నోటితోనేనా?”

“నేనేం చప్పుడూ చేయలేదు.”

“నేనూ కలపలేదే. వినండి.”

“ఇంకోసారి పెట్టు.”

“ఏంటమ్మా, ముఖం అలా పాలిపోయింది?”

“ఇది రథం కాదు. మా నాన్న చక్రాల కుర్చీ. ఎడమ చక్రం ఇలాగే కీచుమంటుంది.”

“ఆయన అక్కడ మీ ఊళ్లో ఉన్నారుగా.”

“పొద్దున ఫోన్ చేశారు, తమ్ముడు దొరికాడా అని. ‘దొరికాడు నాన్నా’ అని గట్టిగా అన్నాను. ‘ఏట్లో’ అన్నది ఫోను పక్కకి తిప్పి గొణిగాను.”

“అయ్యో. ఇలాంటి రోజున పనికెందుకొచ్చారమ్మా?”

“ఇక్కడైతే ఫోను కట్టేసి ఉంచొచ్చని. ఇక ఆపు, వినలేను.”

“ఎప్పుడో ఆపేశానమ్మా. అది తలుపు అవతల్నించి వస్తోంది.”

“అయితే తలుపు తియ్యి. ఈసారి రెండు మాటలూ గట్టిగానే చెప్తాను.”