రోలమ్మ కోరిన మొక్కు

మా ఊరి సుంకమ్మ, పేటలో సంతకు పోయి రోలు కొని, నెత్తిన పెట్టుకోని మా కోన బస్సెక్కిందంట. రోలెందుకంటావా? కూతురు చెన్నక్క నిండు కడుపుతో ఉంది, కానుపుకు పుట్టింటికి రావాల. బాలింతకు శొంఠీ మిరియాలూ ఏసి కాయం దంచి పెట్టాల గదా, ఇంట్లో రోలేమో పగిలిపాయె. కండక్టరు తిరుపాలు ఊరుకుంటాడా! 'ఏందత్తా, మనుషులకే చోటు లేదంటే బండలు మోసుకొస్తావు' అని పేట కాడ మొదలుపెట్టి కనుమ దాకా సణుగుతానే ఉన్న్యాడంట. ఆమేమో వాకిలి మెట్టు పక్కన రోలు పెట్టుకోని, దాని మీద చెయ్యేసుకోని కూసుంది.

మా బస్సు సంగతి నీకు తెలీదు గదా, చెప్తా విను. కోనకంతా అదొక్కటే బస్సు. కింద చూస్తే చిల్లిలో నుంచి రోడ్డు కనపడతాది, వానొస్తే లోపల గొడుగు పట్టుకోవాల. చేతిబ్రేకు అప్పటికి ఎప్పుడో చచ్చిపోయుండె. కనుమలో దొడ్డిమలుపు కాడికొచ్చేసరికి ఇంజను కాగి పొగలు కక్కుతాది, ఆపి నీళ్ళు పోయాల. అందుకని మాకొక ఆచారముండె. డ్రైవరు హుస్సేనప్ప కాలిబ్రేకు తొక్కిపట్టి 'రాయీ!' అని కేకేస్తాడు. వాకిలి కాడ ఎవురుంటే వాళ్ళు దిగి ఎనక చక్రం కింద రాయి పెట్టాల. పెండ్లికొడుకైనా సరే, పట్టుపంచె ఎగ్గట్టి దిగాల్సిందే.

ఆ పొద్దు ఏమైందంటే, ఒకాయప్ప దిగి చూస్తే దోవ పక్కన ఒక్క రాయి లేదు! రోడ్డోళ్ళు గోడ కట్టేదానికి అన్నీ ఏరుకోని పోయినారంట. గోడేమో ఇంకా కట్టలా. 'రాయి లేదన్నా!' అని ఆయప్ప, 'బ్రేకు దిగబడతాంది రో!' అని హుస్సేనప్ప. బస్సు మెల్లగా ఎనక్కి జారబట్టె, ఎనక చూస్తే లోయ. అప్పుడు మన తిరుపాలు, పొద్దున్నుంచి సణిగినోడే అనుకో, ఆ రోలెత్తుకోని కిందికి దూకి చక్రం కింద తోసేసినాడు. బస్సు గడగడా వణికి నిలబడిపాయె. మా ఆయన గూడా అందులోనే ఉన్న్యాడు తల్లీ. నా మెళ్ళో ఇది ఉందంటే ఆ రోలు పుణ్యమే, తిరుపాలు పుణ్యమే. వాడు చల్లగుండాల.

ఇంక జనాలు ఊరుకుంటారా! రోలును కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, దొడ్డిమలుపు కాడే గట్టు కింద కూసోబెట్టినారు. 'అమ్మా, నా రోలు' అని సుంకమ్మ అంటే, 'ఇంక నీ రోలు కాదు, రోలమ్మ!' అనిరి. రోజూ ఊర్నుంచి తెచ్చిన రాయేసి బస్సాపడం, టెంకాయ కొట్టడం, దణ్ణం పెట్టడం. బాగానే ఉంది. అయితే బ్రేకు? బ్రేకు మాటే ఎత్తరు! 'రోలమ్మ ఉందిలే' అంటారు. సుంకమ్మ పోయి హుస్సేనప్పను అడిగితే, 'డిపోలో ఎన్ని మార్లు చెప్పినానో అత్తా. గట్టిగా అడిగితే కోనకు బస్సే తీసేస్తామంటారు' అన్న్యాడు. ఊరందరికీ అదే భయం. సుంకమ్మకు అన్నం సయించలా. చెన్నక్క ఆ బస్సులోనే గదా రావాల! బస్సు లేకపోతే నడిచి కనుమెక్కలేదు, ఉంటే ఈ బ్రేకుతో రావాల.

ఇట్లుండగా, బస్సు రోజూ ఆలస్యమెందుకైతాందో చూద్దామని డిపో నుంచి పెద్ద సారు జీపులో, బస్సాగే యాళకు దొడ్డిమలుపుకే వచ్చినాడు. 'బస్సు బాగుందా?' అంటే, 'బంగారట్లా ఉంది సార్' అని అందరూ తలకాయలూపిరి. అంతే! ఆ బస్సులోనే ఉన్న సుంకమ్మ జుట్టు ఇరబోసుకోని ఊగబట్టింది. 'ఏమిరా! నన్ను చక్రం కింద తోసి, పసుపు పూసి ఊరుకుంటారా? నా నడుము ఇరిగిపోతాంది రా! నాకు టెంకాయలొద్దు, బ్రేకులు ఎయ్యండి! సారూ, బస్సు తీసేసినావో, నీ జీపు ఈ మలుపు దాటదు!' సారు చెప్పులిప్పేసి, 'ఏపిస్తా తల్లీ, ఏపిస్తా' అని లెంపలేసుకున్న్యాడంట. మాట తప్పలా మహానుభావుడు. బస్సు బాగయ్యేదాకా ఇంకో బస్సు గూడా పంపించె.

చెన్నక్కను తోలుకోని వచ్చేదినం దొడ్డిమలుపు కాడ హుస్సేనప్ప బస్సాపి, చేతిబ్రేకు లాగి, కాలు తీసేసినాడు. బస్సు కదల్లా! సుంకమ్మ దిగి, రోలుకు దణ్ణం పెట్టి, 'అమ్మకింక ఈడ పని లేదు, మా ఇంటికొస్తానంటాంది' అని నెత్తికెత్తుకుంది. ఒక్కరూ అడ్డం చెప్పలా. ఎవురు చెప్తారు? కూతురికి కానుపయ్యి కాయం దంచినాక మొదటి ఉండలు హుస్సేనప్పకు, తిరుపాలుకు ఇచ్చిందంట. 'బాలింత మందు మాకెందుకత్తా' అంటే, 'తినండి నాయనా, మీరు లేకుంటే నా ఇంట్లో బాలింత యాడుండేది' అని కండ్లనీళ్ళు పెట్టుకుంది.

నిజంగా పూనిందా అని నువ్వడుగుతావు, తెలుసు. నేనూ అడిగినా. నవ్వింది, అంతే. మొన్న వానకు బస్సు కప్పు కారి అందరం తడిసి ముద్దయితిమి. పోయి, 'అత్తా, ఈ శుక్రవారం అమ్మ కొంచెం పలుకుతాదేమో చూడు' అని బతిమాలితిమి. ఆమె కారం దంచుతా తలెత్తకుండానే, 'కప్పుకు గూడా అమ్మే రావాల్నా? మీకు నోళ్ళు లేవా?' అనె. సిగ్గైపాయె మాకు. రేపు అందరం డిపోకు పోతాండాం, ఆ బస్సులోనే. నువ్వూ రా, గొడుగు తెచ్చుకో.