ఎద్దుకి వచ్చిన మార్కులు

అమెరికాలోని వయోమింగ్‌లో, డెల్మా కాఫీ హోటల్లో, ఆ పొద్దున ఆర్విల్ కాఫీ తాగుతున్నాడన్న మాటే గానీ ధ్యాసంతా ఎదురు బల్ల మీదే ఉంది.

శనివారం ఊళ్లో రోడియో, అంటే పశువుల మీద స్వారీ పోటీలు. ఎద్దుల మీద స్వారీకి మార్కులు వేసే జడ్జీలు ఇద్దరు. అందులో ఒకాయన మొన్ననే కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ ఖాళీ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలో తేల్చే పెద్దమనిషి లవీనా ఎదురు బల్ల దగ్గర గుడ్లు తింటోంది. ఒకప్పుడు ఎద్దులెక్కినవాడే గానీ, మోకాలు పోయినప్పట్నుంచీ ఆర్విల్‌ది బరి చుట్టూ ఉన్న కంచె అవతల నిలబడి చూసే బతుకైపోయింది. ఒకరు పిలిచేది లేదు, ఒకరు అడిగేది లేదు. ఆ ఒక్క కుర్చీ దక్కితే చాలనుంది. కానీ నోరు తెరిచి అడగాలంటే నామోషీ. తన ఘనత ఆవిడ చెవిన పడితే ఆవిడే పిలుస్తుంది కదా అని, వినే మనిషి కోసం చూస్తున్నాడు.

దొరికింది. బోస్టన్ నుంచి కొత్తగా వచ్చిన బడి టీచరు జూడిత్.

"రోడియో నేనెప్పుడూ చూళ్లేదండీ. ఎద్దు మీంచి పడకుండా కూర్చుంటే గెలిచినట్టేనా?" అంది.

ఆర్విల్ కుర్చీ ముందుకి జరిపాడు. "అయ్యో టీచరమ్మా, అంత తేలికైతే మా క్లైడ్ కూడా గెలిచేవాడు. హారన్ మోగేదాకా, అంటే ఎనిమిది సెకన్లు, ఉండాలి. ఒక చెయ్యి తాడు మీద, రెండోది గాల్లో. గాల్లో చెయ్యి ఎద్దుకి తగిలిందా, నీకు సున్నా. రాజుగారైనా సున్నాయే. ఇక మార్కులు సగం నీకు, సగం ఎద్దుకి."

"ఎద్దుకి కూడా మార్కులా!"

"మరి? ఎగిరేది అదే కదమ్మా!"

పక్కనున్న క్లైడ్ ఫక్కున నవ్వాడు. "ఇంక మొదలెడతాడు చూడండి టీచరుగారూ. తుపాకిమందు కథ."

"కథేంట్రా, జరిగిందే! తుపాకిమందు అని బూడిదరంగు ఎద్దమ్మా. దాని మీద ఎనిమిది సెకన్లు నిలబడ్డాను. అంతే. గొప్పేం లేదు," అని ఆర్విల్ ఓరగా చూశాడు. లవీనా రొట్టెకి వెన్న రాస్తోంది. విన్నట్టు లేదు. గొంతు పెంచాడు.

"మొదటి గెంతుకే నా టోపీ పోయి జెండా కర్రకి తగులుకుంది. రెండో గెంతుకి కంచె దాటేశాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్ల ట్యాంకు మీంచి పోతున్నాం! కింద చూస్తే జనం చీమల్లా ఉన్నారు. అప్పుడూ నా చెయ్యి గాల్లోనే ఉంది, అది గుర్తుపెట్టుకో."

"హారన్ మోగలేదాండీ?" అంది జూడిత్.

"ఎక్కడమ్మా! ఇంకా మూడో సెకనే. అడవి బాతుల గుంపు ఎదురొచ్చింది. అలిసిపోయిన బాతొకటి నా ఎత్తిన చేతి మీద వాలి, గుడ్డు పెట్టింది. నేను చెయ్యి కదిపితే ఒట్టు!"

"పొదిగిందా కూడా?" అన్నాడు క్లైడ్.

"ఎనిమిది సెకన్లే కదరా, టైమెక్కడిది?"

హోటలంతా గొల్లుమంది. లవీనా తినడం ఆపి ఇటు తిరిగింది. ఆర్విల్ ప్రాణం లేచొచ్చింది. ఇంక ఆగుతాడా?

"అలా పైకి పైకి పోయి మబ్బుల్లో పడ్డాం. ఒకటే చలి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంత పొగరుబోతు ఎద్దూ కిందకి చూసి భయపడిపోయింది. బెదిరిన దూడలా వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసి, కళ్లమ్మట నీళ్లు పెట్టుకుంది. నా మనసు కరిగిపోయింది టీచరమ్మా. ఏడవకురా నాయనా, నేను లేనూ అని, నుదురు నిమిరి, కళ్లు తుడిచి, చెవి వెనక గోకాను. అప్పుడు దిగింది మెల్లగా, పరుపు మీద దిగినట్టు. కాళ్లు నేలకి ఆనాకే హారన్ మోగింది. జడ్జీలు లేచి నిలబడి దండం పెట్టారు!"

అందరూ బల్లలు చరిచారు. జూడిత్ మాత్రం ఏదో లెక్క తేలనట్టు చూస్తోంది.

"కళ్లు తుడిచింది ఏ చేత్తోనండీ?"

"ఏ చెయ్యేంటమ్మా, ఎడమ చెయ్యి. కుడిది తాడులో ఉందిగా."

"అంటే గాల్లో ఉండాల్సిన చెయ్యి. హారన్ ఇంకా మోగలేదు." ఆవిడ మొహమాటంగా, బడిలో పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "మీకు సున్నా అండీ. ఎద్దుకి మాత్రం ఎన్ని మార్కులైనా ఇవ్వొచ్చు."

ముందు నవ్వింది లవీనా. ఫోర్కు చేతిలోంచి జారిపోయేదాకా నవ్వింది.

"టీచరుగారూ, శనివారం ఖాళీయేనా? ఆ కుర్చీలో మీరు కూర్చోండి."

"నేనా! నాకేం తెలుసనీ?"

"తగిలిన చెయ్యి కనిపెట్టారు. మాకు కావాల్సింది అదే."

ఆర్విల్ మొహం చిన్నదైపోయింది. టోపీ అంచు కిందకి లాక్కున్నాడు. మళ్లీ కంచె అవతలే. అయినా నోరు ఊరుకోదు కదా. "ఆవిడకి ఆ రూలు నేర్పింది ఎవరంట?" అని గొణిగాడు.

లవీనా ఫోర్కు తీసుకుని అతని వైపు తిరిగింది. "అదీ నిజమే. సరే, నువ్వూ కంచె లోపలికి రా. ఆవిడ పక్కన నిలబడి, అడిగినవి చెబుదువు గాని. చేతులు మాత్రం జేబుల్లోంచి తియ్యకు."

ఆర్విల్ అక్కడికక్కడే రెండు చేతులూ జేబుల్లో పెట్టేశాడు. ముందున్న కాఫీ చల్లారిపోతున్నా తియ్యలేదు.