కుడిపక్క షెడ్డు కోళ్ళు

ఆ శాలువా మడిచి పెట్టేయండి శివశంకర్ సారూ. నా భుజాన కప్పొద్దు. ఫోటో తీసే ఆయన్ని కాసేపు బయట నిలబడమనండి.

సిగ్గా? మైపాడులో ఎండుచేపల గంప దించి ఊరందరితో బేరమాడేదాన్ని, ఈ గురవమ్మకి సిగ్గేంది?

రేపు నెల్లూరు మీటింగులో ఏం చెప్తారంట? సూక్ష్మజీవుల్ని ట్యాంకుల్లో పెంచి ఎండబెట్టిన మీ పొడి తిని, రెండేళ్ళయినా కోళ్ళు గుండ్రాళ్ళలాగా ఉండాయని. ఇంక దాణాలో చేపపొడి అక్కర్లేదని. అంతే గదా?

ఎడంపక్క షెడ్డుకి చేపపొడి దాణా, కుడిపక్క షెడ్డుకి మీ పొడి దాణా. ఒకదాని మేత ఇంకోదాంట్లో పడకూడదని తలుపు తలుపుకీ వేరే చెప్పులు కూడా పెట్టినారు. రెండింట్లో మేత వెయ్యడానికి నన్ను పెట్టినారు. బాగానే ఉండాది. మరి నా కొంగు ఏనాడైనా చూసినారా?

పోయిన వానాకాలం కుడిపక్క గుడ్లకి పెంకు పల్చబడింది. చేత్తో ఎత్తితే నొక్కుకుపోయేది. పెట్టిన గుడ్డుని అవే పొడుచుకుని తినేవి. ఫోన్ చేస్తే మీరేమన్నారు? "ఏమీ చేయొద్దు గురవమ్మా, ఏమవుతుందో చూడటమే మన పని" అన్నారు.

చూడటం మీ పని. నావల్ల కాలేదు. నేను లోపలికి పోతే తలలెత్తి నా కొంగు వంకే చూసేవి. కొంగులో మూటకట్టుకున్న ఎండు నెత్తళ్ళ చేపల వాసన వాటికి తెలీదా? గుప్పెడు విసిరినాను. మర్నాడు ఇంకో గుప్పెడు. ఈ పొద్దు కూడా.

పెంకు గట్టిపడిందా లేదా? మీ పొడి వల్లే పల్చబడిందో, కోళ్ళకి వయసొచ్చి పల్చబడిందో నాకు తెలీదు. ఇప్పుడు మీకూ తెలీదు.

ఆ చూపేంది సార్? చేపలమ్మే మనిషి గాబట్టి కావాలనే చెడగొట్టిందంటారా? మీ పొడి గెలిస్తే మా ఎండుచేప కొనే దాణా మిల్లు ఉండదు. చెడగొట్టాలంటే నేను చేప వెయ్యకుండా చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, మీ పొడికే చెడ్డపేరు వచ్చేది. నా పొట్ట నేనే కొట్టుకున్నా, ఆ కోళ్ళ మొహం చూసి.

పనిలోంచి తీసేస్తారా? తీసేయండి. కానీ రేపు మీ పొడి బాగుందని మాత్రం చెప్పొద్దు. మీ మాట నమ్మి కోళ్ళు పెంచేవాళ్ళు కొంటారు. మీరు చెప్పినారంటే, ఆ మీటింగుకి నేనూ వస్తా. గంప ఎత్తుకునే వస్తా.

కొత్త కోడిపిల్లల్ని తెచ్చి మళ్ళా మొదలుపెట్టుకోండి. ఈసారి కోళ్ళ మొహం చూడని మనిషిని పెట్టుకోండి. నన్ను పెట్టినారంటే, మళ్ళా వేస్తాను.